ఒప్పుకోలు బింగ్

నల్లరంగు డబ్బాలో కుంచె ముంచి, ఎక్కువైన రంగును అంచుకు రాసి, బింగ్ నాలుక కొసను పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. అక్షరం పూర్తయ్యేదాకా అది అక్కడే ఉంటుంది. పైవరసలో ముందుపన్ను ఒకటి ఎప్పుడో ఊడిపోవడంతో నాలుకకు అక్కడ కిటికీ దొరికింది. పొట్టి మనిషి. భుజాలు కొంచెం ముందుకు వంగి, మెడ కాస్త లోపలికి పోయి, ఎవరో వెనకనుంచి పిలిస్తే ‘ఆఁ, నేనే’ అనడానికి సిద్ధంగా ఉన్నట్టు ఉంటాడు. పాదాలు మాత్రం ఆ ఒంటికి మించినవి. అరికాళ్ళు అట్ల పెనంలా చదును. అతని బతుకు ఇలా తయారుకావడానికి ఆ పాదాలే కారణం.

హాంకాంగ్ దీవికి దక్షిణాన సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ జైల్లో బోర్డుల షెడ్డు అంటే కాస్త మర్యాద గల చోటు. ఊళ్ళో జనం తలెత్తి చదివే సర్కారు బోర్డులు చాలావరకు అక్కడ పుట్టినవే. ఉమ్మి వేయరాదు. మెట్లు తడిగా ఉండును. కుక్కలను వదలరాదు. చేయరాని పనులు చేసి లోపలికి వచ్చినవాళ్ళే, చేయరాదని ఊరందరికీ రాసి పంపుతూ ఉంటారు. బింగ్ వంతుకు వచ్చిన బోర్డు మాత్రం విధి ఆడిన పరాచికం. ‘ఈ చోట సరుకులు అమ్ముట నిషేధం.’

దాన్ని రాసే పద్ధతి ఒకటే. నల్ల అక్షరాలు ముందు. అవి బాగా ఆరాకే ‘నిషేధం’ అన్న మాట ఎర్రరంగుతో. తొందరపడి రెండూ తడిగా వేస్తే ఎరుపు నలుపులోకి పారి, నిషేధం కాస్తా పచ్చడవుతుంది. అందుకని బింగ్ రోజూ ఉదయమంతా అమ్మమని రాస్తాడు, మధ్యాహ్నమంతా వద్దని రాస్తాడు. పొద్దున మనవాడు, పొద్దువాలితే వాళ్ళవాడు అని తోటి ఖైదీలు ఏడిపిస్తారు.

“ఇవాళ నీకు కోర్టు కదయ్యా. ఆ కుంచె అక్కడ పెట్టి కాసేపు కూర్చోరాదూ?” అన్నాడు సో సార్. షెడ్డు చూసుకునే జమాదారు ఆయన. పొట్ట ముందు నడిస్తే మనిషి వెనక వస్తాడు. ఖైదీలను తిట్టడం ఆయన ఉద్యోగం, వాళ్ళకు టీ పోయించడం ఆయన బలహీనత.

“చేతులు ఖాళీగా ఉంటే నోరు జారుతుంది సార్.”

“ఏదీ, ఓసారి అను.”

“ఏమని సార్?”

“ఏమనో నీకు తెలీదా? కాదు అను.”

బింగ్ కుంచె ఆపాడు. గొంతు సవరించుకున్నాడు. “కా...” అన్నాడు. నుదుటి మీద చెమట పట్టింది.

“ఇంకో అక్షరం కూడా ఉందయ్యా దాన్లో!” అని సో సార్ నవ్వాపుకోలేక అటు తిరిగి నిలబడ్డాడు.

నవ్వులాటగా ఉంది గానీ, ఆ ఒక్క మాట రాకపోవడం వల్లే బింగ్ దొంగయ్యాడు. దొంగ అన్న పేరు ఇవాళ పోవాలి. పోకపోతే ఇక పోదు.

సముద్రపు పాయకు అవతల, కౌలూన్ వైపు, రేవు వీధిలో బళ్ళ మీద సరుకులు అమ్మేవాళ్ళెవరికీ లైసెన్సు లేదు. ఖాకీ బట్టల గస్తీ మలుపు తిరిగిందంటే ఎవరో ఒకరు “దెయ్యాలొచ్చె!” అని కేక వేస్తారు. అంతే, ఉడుకుతున్న గిన్నెలతో సహా బళ్ళన్నీ సందుల్లోకి మాయం. కుర్రతనంలో బింగ్ కూడా అక్కడ నారింజపళ్ళ బండి తోసేవాడు. ఆ పాదాలతో పరుగు ఎక్కడిది? ప్రతిసారీ అతనే దొరికేవాడు. ఒకడు దొరికాడంటే గస్తీవాళ్ళు ఆ పూటకు తక్కినవాళ్ళ జోలికి పోయేవారు కారు. ఈ సంగతి కనిపెట్టినవాడు చేపల హోయ్.

“ఎలాగూ దొరుకుతున్నావు, మళ్ళీ పరుగెత్తి ఆయాసపడడం దేనికి బింగూ? హాయిగా నిలబడు. జరిమానా మేం కడతాం. నీ బువ్వ సంగతీ మేమే చూసుకుంటాం” అన్నాడు.

అలా నిలబడటమే బింగ్ ఉద్యోగమైంది. ఉద్యోగానికి తగ్గ సరంజామా కూడా అమర్చారు. ఒకరు విరిగిన పసిపిల్లల బండి చక్రం ఇచ్చారు, ఒకరు మంచం పలక ఇచ్చారు, హోయ్ తన చిల్లుల గొడుగు ఇచ్చాడు. అన్నీ కలిపి మేకులు కొడితే అది బండి అనిపించుకుంది. దాని మీద ఎవరూ కొనని కాబేజీలు పెట్టేవారు. కేక పడగానే ఊరంతా పరుగో పరుగు. బింగ్ మాత్రం చొక్కా కాలరు సరిచేసుకుని, బస్సు కోసం నిలబడ్డవాడిలా ఆ బండి పక్కన నిలబడేవాడు. మర్నాడు కోర్టులో, బండి నీదేనా అంటే నాదే దొరా. నేరం ఒప్పుకుంటావా అంటే ఒప్పుకుంటున్నా దొరా. జరిమానా కట్టి మధ్యాహ్నానికి మళ్ళీ రేవు వీధిలో ఉండేవాడు.

ఏళ్ళు గడిచేకొద్దీ పనిలో చురుకు వచ్చింది. అడగడం పూర్తికాకముందే ఒప్పుకునేవాడు. కోర్టు గుమాస్తాలకు అతనంటే ఇష్టం, వ్యవహారం చిటికెలో తేలిపోతుంది గనక. మార్కెట్లో అందరూ ఒప్పుకోలు బింగ్ అనేవారు. ఇందులో అబద్ధం ఉందని అతనికి ఎన్నడూ తోచలేదు. ఎవరో ఒకరు ఒప్పుకుంటే తప్ప పని జరగదు. చెప్పులు కుట్టేవాడు కుట్టినట్టు, తను ఒప్పుకునేవాడు.

ఒక రోజు కేక పడ్డ గందరగోళంలో ఎవడో పరాయివాడు పరుగున వచ్చి, ఒక గుడ్డసంచిని బింగ్ బండి మీద కాబేజీల కింద దోపి పోయాడు. బింగ్ కాలరు సరిచేసుకుంటున్నాడు, చూడలేదు. సంచినిండా కొట్టు పగలగొట్టి ఎత్తుకొచ్చిన చేతిగడియారాలు. మర్నాడు కోర్టులో, ఇంగ్లీషు మాటను మార్చి చెప్పే దుబాసీకి జలుబు. “బండిలో దొరికిన వస్తువులు...” అని తుమ్మేలోపే బింగ్, “అంతా నాదే దొరా, ఒప్పుకుంటున్నా” అనేశాడు. మేజిస్ట్రేటు ఏడాదిన్నర అన్నాడు. బింగ్ వంగి దణ్ణం పెట్టి, అలవాటైన మెట్లవైపు తిరిగాడు. పోలీసు భుజం పట్టుకుని రెండోవైపు మెట్లు చూపించాడు.

“అటు కాదు నాయనా, డబ్బు కట్టే కిటికీ ఇటు” అని బింగ్ ఆ పోలీసుకే దారి చెప్పాడు.

లోపలికి వచ్చాక తెలిసింది, ఒప్పుకోవడం క్షణంలో పని, ఒప్పుకున్నదాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదని. మొదటి అర్జీకి గడువు దాటిందన్నారు. రెండోదానికి, స్వయంగా ఒప్పుకున్నాడు కనక వినవలసింది లేదన్నారు. మూడోది శిన్ తాత రాశాడు. పక్క మంచం ఆయనే. ఇతరుల సంతకాలు పెట్టే విద్యలో ఆరితేరి, ఆ విద్య వల్లే లోపలికి వచ్చిన పెద్దమనిషి. అర్జీ బ్రహ్మాండంగా కుదిరింది. చివర అలవాటు చొప్పున జడ్జిగారి సంతకం కూడా ఆయనే పెట్టేయడంతో అది ఇంకో గొడవై కూర్చుంది.

ఆ గొడవ వల్లే పూన్ మేడమ్ వచ్చింది. డబ్బులేనివాళ్ళకు సర్కారు ఇచ్చే వకీలు ఆవిడ. చిన్న వయసు, పెద్ద కళ్ళజోడు, సంచిలో ఎప్పుడూ సగం తిన్న బన్ను. బింగ్ కథంతా విని, ముందు నవ్వింది. తరవాత నవ్వినందుకు క్షమించమంది.

“నేను నిన్ను నమ్ముతాను బాబాయ్. కోర్టు నమ్మాలంటే మాత్రం ఇన్నేళ్ళూ నువ్వు ఒప్పుకున్నవన్నీ ఉత్తుత్తివని చెప్పాలి. ఆ బండి ఎవరిదో చెప్పాలి.”

“అది కుదరదమ్మా. వాళ్ళ పేర్లు నా నోట రావు.”

“వాళ్ళే వచ్చి చెప్తారేమో కనుక్కుంటాను.”

“ఖాకీ బట్ట కనిపిస్తే పొయ్యితో సహా పరుగెత్తేవాళ్ళమ్మా. కోర్టుకెక్కడొస్తారు?”

ఆ మాటే నిజమైంది. పూన్ మేడమ్ రేవు వీధికి వెళ్తే ఎవరికీ ఏ బండీ గుర్తు రాలేదు. హోయ్ అయితే చేప పొట్ట చీలుస్తూ, బింగ్ అనే మనిషి చైనా వెళ్ళిపోయాడని విన్నానన్నాడు. తాను చెప్తానని ముందుకొచ్చింది యూక్‌లిన్ ఒక్కతే.

యూక్‌లిన్ సోయా జున్ను అమ్ముతుంది. అల్లం పాకం పోసి వేడిగా గిన్నెలో ఇస్తుంది. భారీ మనిషి, ఎప్పుడో మొగుడు పోయాడు, ఆ చేతులతో రాతి తిరగలి తిప్పి తిప్పి మోచేతుల దాకా కండలు దేరాయి. ఆమె కేక వేస్తే రేవులో పడవలవాళ్ళు కూడా తిరిగి చూస్తారు. కోర్టునుంచి వచ్చిన ప్రతిసారీ బింగ్‌కు మొదటి గిన్నె ఆమెదే. ఒక వానాకాలం సాయంత్రం అతను జున్ను తింటుంటే, “నా బండి నువ్వు తోస్తే ఏం పోయిందయ్యా? రాత్రికి ఇంటికి కూడా తోసుకురావచ్చు” అంది. ఆ మాటకు అర్థం పసివాడికైనా తెలుస్తుంది. బింగ్ గిన్నెలోకి చూస్తూ ఉండిపోయాడు. ఒప్పుకుంటున్నా అనడానికి అతనికి నోరు పెగల్లేదు. ఎన్నోసార్లు ఉత్తుత్తికి వాడేసిన మాటను నిజానికి వాడాలంటే భయం వేసింది. ఆమె గిన్నె లాక్కుని కడిగేసింది. అది అతను గడియారాలతో పట్టుబడడానికి ముందు మాట.

అయినా నెలనెలా ములాఖాతుకు వచ్చింది. ఇనుప వలకు అటువైపు కూర్చుని తిట్టేది. “ఊళ్ళో ఎవడేం చేసినా నాదే అంటావు. నేనడిగినదానికి మాత్రం బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటావు.” పోయిన నెల తిట్టడం మానేసి మెల్లగా చెప్పింది. రేవు వీధి బళ్ళన్నీ తీసేసి కొత్త మార్కెట్ భవనంలో దుకాణాలు ఇస్తున్నారట. జరిమానాలు ఎన్ని ఉన్నా ఫరవాలేదు, దొంగతనం శిక్ష ఉన్నవాళ్ళకు మాత్రం ఇవ్వరట. తన పేరు పక్కన అతని పేరు రాయించిందట. “నువ్వు ఔననలేదని నాకు తెలుసు. రాయించాను, అంతే. ఏం చేస్తావో చెయ్యి.”

శిక్ష ఎలాగూ చివరికొచ్చింది, నోరు మూసుకుని ఉంటే పండక్కి బయటపడతావు కదా అని జైల్లో అందరూ అన్నారు. బింగ్ వినలేదు. తన పేరు వల్ల ఆమె పేరు కూడా కొట్టేస్తారన్న ఆలోచన అతనికి అన్నం దగ్గర, నిద్ర దగ్గర, కుంచె దగ్గర అడ్డం వచ్చేది. అయినా హోయ్ పేరు చెప్పడానికి మనసు రాలేదు. ఈ రెంటి మధ్యా ఉన్న సందు ఆ ‘కాదు’ అన్న మాట ఒక్కటే. అందుకని నెల రోజులుగా శిన్ తాత దండు కట్టి తర్ఫీదు ఇస్తున్నాడు.

ఈ ఉదయం గంజి దగ్గర కూడా అదే జరిగింది.

“బింగూ, పోయిన తుఫానుకి మా ఇంటి రేకులెగిరిపోయాయి. నువ్వేనా?”

“నేనే... అబ్బే!”

“నా పెళ్ళాం పుట్టింటికి పోయింది. నీవల్లేనా?”

“ఒప్పు... ఛ, ఛ!”

బల్ల చుట్టూ అందరూ గిన్నెలు బల్లకేసి కొడుతూ నవ్వారు. శిన్ తాత నవ్వలేదు. ఎదురుగా వంగి, మంచి పంతులులా చెప్పాడు. “నీ జబ్బేమిటో తెలుసా? నువ్వు ప్రశ్న వినవు. ఎదుటివాడు నోరు తెరవగానే నీ నోరు తెరుచుకుంటుంది. పూర్తిగా విను. విన్నాక ఊపిరి తీసుకో. అప్పుడు మాట్లాడు.”

“వినాలా తాతా?”

“వినాలి. ఇన్నేళ్ళలో వాళ్ళేమడిగారో నీకెప్పుడైనా తెలిసిందా?”

బింగ్ ఆలోచించాడు. నిజంగానే తెలియదు.

షెడ్డు బయట వ్యాను హారన్ మోగింది. బింగ్ చివరి నల్ల అక్షరానికి తోక దిద్ది, బోర్డును తాడుకు తగిలించి, కుంచెను కిరసనాయిల్లో కడిగాడు. “ఎర్రది సాయంత్రం వచ్చి వేస్తాను సార్” అన్నాడు.

“రానక్కర లేదని దేవుడికి మొక్కుకోవయ్యా ముందు” అన్నాడు సో సార్. బింగ్ చేతికి అంటిన రంగును ఆయనే గుడ్డతో తుడిచాడు. తుడిచి, ఎందుకు తుడిచానా అన్నట్టు గట్టిగా ఒక తిట్టు తిట్టాడు.

పెద్ద కోర్టు బింగ్‌కు కొత్త. చిన్న కోర్టులో సంతకు వచ్చినట్టు ఉండేది, ఇక్కడ దగ్గు కూడా ఎవరినో అడిగి దగ్గాలనిపించింది. ఎత్తున తెల్ల గిరజాల విగ్గులో ఇంగ్లీషు జడ్జి. కింద పూన్ మేడమ్, ఇటు ఆవిడకు ఎదురు వాదించే సర్కారు వకీలు, బోను పక్కన సన్నటి దుబాసీ. బింగ్ వెనక్కి తిరిగి చూశాడు. ఆఖరి బల్ల మీద యూక్‌లిన్. ఆమె పక్కన, ఎవరిదో అరువు కోటు తొడుక్కుని, చేపల హోయ్. అతని పక్కన, యూక్‌లిన్ తిట్టి లాక్కొచ్చినట్టు, రేవు వీధి సగం. అందరూ తలుపుకు దగ్గరగా, ఒక కాలు గడపవైపు పెట్టి కూర్చున్నారు. అప్పటికే గదిలో ఎండుచేపల వాసన మెల్లగా జడ్జిగారి దాకా పాకుతోంది.

వీళ్ళెందుకొచ్చారు? ఇంతమంది ఖాకీల మధ్య!

ఆ కంగారులో జడ్జి ఏదో ఇంగ్లీషులో అన్నాడు. దుబాసీ ఇటు తిరిగి, “నీ పేరు మక్ బింగ్ అని అయ్యగారు...”

“ఒప్పుకుంటున్నా దొరా!” అన్నాడు బింగ్.

వెనక బల్లలు గొల్లుమన్నాయి. జడ్జి కనుబొమలు విగ్గులోకి పోయాయి. ఏమన్నాడని అడిగాడు. దుబాసీ నీళ్ళు నమిలి, నేరం ఒప్పుకుంటున్నాడు ప్రభూ అన్నాడు. ఏ నేరం, నేను పేరే కదా అడిగానన్నాడు జడ్జి.

నెల రోజుల తర్ఫీదు ఒక్క క్షణంలో గంగపాలు. యూక్‌లిన్ పేరు కూడా తన నోటితో తనే కొట్టేశాడు.

పూన్ మేడమ్ లేచి నిలబడింది. కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ఆగి, “ప్రభువులకు నేను ఈ ఉదయమంతా చెప్పాలనుకున్న వాదనను నా కక్షిదారే చెప్పేశాడు. కింది కోర్టులో కూడా అచ్చంగా ఇలాగే ఒప్పుకున్నాడు” అని కూర్చుంది.

సర్కారు వకీలు ఊరుకోలేదు. ఇతను కోర్టుకు కొత్తవాడు కాడు, నేరం ఒప్పుకోవడమంటే ఏమిటో ఇతని కన్నా తెలిసినవాడు ఈ నగరంలో లేడు అన్నాడు. అది నిజమే కదా అని బింగ్‌కు కూడా అనిపించింది. జడ్జి కలం ముక్కు మీద ఆనించుకుని చాలాసేపు ఆలోచించి, ఈసారి నేరుగా బింగ్ వైపు చూసి అడిగాడు. దుబాసీ మాట మాట విడదీసి చెప్పాడు.

“ఆ బండి నీది కాదని నీ అర్జీలో ఉంది. మరి ఎవరిది?”

బింగ్ ప్రశ్న మొత్తం విన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. నోరు తెరవలేదు. బోను కమ్మీని పట్టుకుని, తన పెద్ద పాదాల వంక చూస్తూ నిలబడ్డాడు. నిలబడటం తనకు వచ్చిన పని.

“గొడుగు నాదండీ” అని వెనకనుంచి ఎవరో అన్నారు.

హోయ్ లేచి ఉన్నాడు. మొహం ఉడికించిన రొయ్యలా ఎర్రబడింది. ఒక కాలు ఇంకా గడపవైపే ఉంది, గొంతు మాత్రం స్థిరంగా ఉంది. “ఆ బండి మీది గొడుగు నాది. చిల్లులు పడ్డాయని ఇచ్చేశాను. బింగ్‌ని అక్కడ నిలబెట్టింది కూడా నేనే.”

“ముందు చక్రం నాది” అంటూ అల్లం అమ్మే ముసలమ్మ లేచింది. “మా మనవడి బండిది. ఈయన తోస్తే కుయ్యోమొర్రోమంటుంది.”

“పలక నాది, అయ్యా. మా తాత మంచంది.”

“త్రాసు నాది. తూకం తప్పు. అది కూడా రాసేసుకోండి, మళ్ళీ రాలేను!”

దుబాసీకి చెమటలు పట్టాయి. గొడుగును ఇంగ్లీషులోకి మార్చేలోపు చక్రం వస్తోంది, చక్రం అయ్యేలోపు మేకులవాడు లేస్తున్నాడు. బంట్రోతు ముందుకు రాబోతే జడ్జి వేలితో ఆపాడు. ఖాకీ బట్ట చూస్తే ఉడికే గిన్నెలతో పారిపోయేవాళ్ళు, గది నిండా ఖాకీలుండగా ఒకరి తరవాత ఒకరు లేచి, ఇది నాది, అది నాది అని ఒప్పుకుంటున్నారు. తన మాట వాళ్ళ నోట వింటుంటే బింగ్‌కు కళ్ళు మసకబారాయి. ఇంతకాలం ఒంటరిగా నిలబడిన చోటికి ఊరంతా వచ్చి పక్కన నిలబడినట్టు అనిపించింది.

“మరి గడియారాలు ఎవరివి?” అని జడ్జి అడిగించాడు.

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. త్రాసు తప్పు కూడా ఒప్పేసుకున్నవాళ్ళు, దీనికి మాత్రం ఒక్కరూ నోరు మెదపలేదు.

జడ్జి మళ్ళీ బింగ్ వైపు తిరిగాడు. దుబాసీ అడిగాడు. “బండిలో దొరికిన చేతిగడియారాలు నీవా?”

బింగ్ నాలుక పంటికిటికీ దగ్గరకు వచ్చి ఆగింది. ప్రశ్న చివరిదాకా విన్నాడు. చివరి అక్షరం చెవిలో పడ్డాక కూడా ఆగాడు. ఊపిరి తీసుకున్నాడు.

“కాదు” అన్నాడు.

చిన్న మాటే. అన్నాక తనకే వింతగా తోచి, సరిగా వచ్చిందో లేదో అని ఇంకోసారి అన్నాడు. “కాదండీ. నావి కావు.”

జడ్జి కొంతసేపు రాసుకున్నాడు. తరవాత ఏదో చదివాడు. పూన్ మేడమ్ బల్ల కింద బన్ను సంచిని గట్టిగా పిసికింది. దుబాసీ మొదటిసారి నవ్వుతూ చెప్పాడు. “నువ్వు ఒప్పుకున్నది ఒప్పుకోవడం కింద రాదట. శిక్ష కొట్టేశారు. బండి సంగతి ఇవాళ తన ముందు లేదు కనక, గొడుగులూ చక్రాలూ ఆయన వినలేదట. వెళ్ళొచ్చు.”

“డబ్బు కట్టే కిటికీ ఎటు బాబూ?” అన్నాడు బింగ్.

ఈసారి పోలీసులు కూడా నవ్వారు.

కోర్టు పక్క సందులో రేవు వీధి బళ్ళన్నీ వరసగా ఉన్నాయి. పూట బేరం పోగొట్టుకోవడం ఇష్టంలేక ఫెర్రీలో కింది అంతస్తు నిండా బళ్ళెక్కించి తెచ్చుకున్నారు. అప్పుడే ఇద్దరు వకీళ్ళు నిలబడి చేపముద్దలు తింటున్నారు. హోయ్ బింగ్ చెయ్యి పట్టుకుని, ఒక ఎండుచేప చేతిలో పెట్టాడు.

“చైనా వెళ్ళానన్నావట?” అన్నాడు బింగ్.

“తిరిగొచ్చావుగా!” అని హోయ్ ముక్కు చీదాడు.

యూక్‌లిన్ గిన్నెలో జున్ను వేసి, అల్లం పాకం పోసి అందించింది. అతను తినడం చూస్తూ నడుం మీద చేతులు పెట్టుకుంది. “మొత్తానికి కాదనడం నేర్చుకున్నావు. ఇక నాతో కూడా కాదంటావేమో.”

“ముందు నువ్వు పూర్తిగా అడుగు. విన్నాక చెప్తాను” అన్నాడు బింగ్.

“అబ్బో!” ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, ఆ గొంతు తగ్గినా సందంతా వినపడేలా అడిగింది. “ఏమయ్యా మక్ బింగ్, నన్ను పెళ్ళి చేసుకుని, నా బండి తోసి...”

“దెయ్యాలొచ్చె!”

సందు మొదట్లో ఖాకీ టోపీలు. క్షణంలో చేపముద్దలు, అల్లం, త్రాసు, గొడుగు ఎటువాళ్ళు అటు. వకీళ్ళిద్దరూ చేతుల్లో గిన్నెలతో అయోమయంగా నిలబడ్డారు. బింగ్ అలవాటు చొప్పున కాలరు సరిచేసుకుని, నిటారుగా నిలబడి, రెండు చేతులూ ముందుకు చాపాడు.

“నిలబడ్డావేంటి నీ మొహం! అది నా బండి! తోయ్!” అని అరిచింది యూక్‌లిన్.

బింగ్ బండి కమ్మీ పట్టుకున్నాడు. తోశాడు. ఆ పెద్ద పాదాలు రాళ్ళ మీద టపటపలాడుతూ, పాకం చిందుతూ, గిన్నెలు గలగలమంటూ, కుర్రతనం తరవాత మొదటిసారి పరుగెత్తాడు. పరుగు బాతుకు కూడా సిగ్గు తెప్పించేలా ఉంది. అయినా ముందుకు పోతోంది. పక్కనే యూక్‌లిన్ రొప్పుతూ, “బండి తోసి, ఇంటికి తోసుకొచ్చి, నాతో ఉంటావా?” అని మిగతా ప్రశ్న పూర్తి చేసింది.

బింగ్ చివరిదాకా విన్నాడు. ఊపిరి తీసుకోవడానికే కొంచెం కష్టమైంది.

“ఒప్పుకుంటున్నా!” అని అరిచాడు.

సాయంత్రం జైల్లో పని గంట మోగాక సో సార్ షెడ్డుకు తాళం వేయబోతూ ఆగాడు. కబురు అప్పటికే వచ్చింది, శిన్ తాత రెండో గిన్నె గంజి అడిగి మరీ తాగాడు. బింగ్ కుంచె కడిగినది కడిగినట్టే ఉంది. ఎర్రరంగు డబ్బా మూత తీయలేదు. ఇంకెవరికైనా చెప్పి వేయిద్దామా అనుకుని, ఎవరినీ పిలవకుండానే దీపం ఆర్పాడు. సముద్రపు గాలికి తాడు మీద ఆ బోర్డు మెల్లగా ఊగుతోంది. ‘ఈ చోట సరుకులు అమ్ముట’ అన్నంతవరకు నల్లగా, పొందిగ్గా ఆరిపోయింది, ఆ తరవాతంతా తెల్లటి ఖాళీ.